పదకొండో పేజీలో పంపక్క

సభను నడిపిస్తున్న డీన్ గారికి, బోలెడంత పని పక్కన పెట్టి వచ్చిన జలమండలి ఇంజినీరు గారికి, ఇన్నేళ్లు నన్ను భరించిన మా విభాగం మిత్రులకు, నేనే భరించానని నేను చెప్పుకు తిరిగిన నా విద్యార్థులకు, మొదటి వరసలో చేతులు కట్టుకుని 'క్లుప్తంగా కానివ్వండి' అన్నట్టు చూస్తున్న మా ఆవిడకు, అందరికీ నా నమస్కారాలు. (నవ్వులు)

ఇప్పటిదాకా నలుగురు నా గురించి మాట్లాడారు. నేను క్లాసుకు ఒక్కరోజు ఆలస్యంగా రాలేదన్నారు. నిజమే, మా ఇల్లు ఎదురు వీధిలోనే కాబట్టి అందులో నా గొప్పేమీ లేదు. ఎవరినీ కసురుకోలేదన్నారు. మా అటెండరు చివరి వరసలో కూర్చుని ఆ మాటకు దగ్గారు, నేను విన్నాను. (నవ్వులు) మీరు నాకిచ్చిన ప్రశంసా పత్రంలో నా పుస్తకాలు, నా పాఠాలు, నా కమిటీలు అన్నీ ఉన్నాయి గానీ, నన్ను పదిమందికీ తెలిసేలా చేసిన పరిశోధన పేపరు ప్రస్తావన మాత్రం లేదు. అది పొరపాటనుకుని డీన్ గారు ప్రేమతో ఆ లోటు పూరించారు. 'మూడు కాలనీల మంచినీళ్లను బాగుచేసిన పరిశోధన' అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా నేను తల దించుకుని కూర్చున్నాను. వినయం అనుకుని ఉంటారు. వినయం కాదండి. సిగ్గు.

ఆ పేపరు సంగతే చెబుతాను. డీన్ గారూ, మీరు ఇబ్బంది పడకండి, తప్పు మీది కాదు. ఇందులో ఇంకొకరి జీవితం ఉంది. ఆవిడను అడిగి, సరేనన్నాకే ఈ మైకు ముందుకు వచ్చాను.

పన్నెండేళ్ల కిందటి మాట. ఊరి చివర నీళ్లు శుద్ధి చేసే కేంద్రం ఉండేది, ఇప్పటికీ ఉంది. అప్పుడు దాన్ని నడిపిన కంపెనీ ఇప్పుడు లేదు. ఆ నీళ్లు తాగే మూడు కాలనీల్లో పిల్లలకు ఏడాదికి రెండు మూడుసార్లు కడుపునొప్పులు, విరేచనాలు. అయినా జనం ఫిర్యాదు ఎందుకు చెయ్యరు, నీళ్లు రంగు మారితే ఏమనుకుంటారు, ఎవరిని నమ్ముతారు, ఇదీ మా పరిశోధన. నాతో పాటు పనిచేసింది అప్పుడే ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి. ఇప్పుడు ఆమే మా విభాగాధిపతి, ఇదిగో, నా కుడిపక్కన కూర్చుని మంచినీళ్ల గ్లాసు వైపే చూస్తున్నారు.

శుద్ధి కేంద్రంలో పంపులు నడిపేవాళ్లు పదకొండుమంది. అందులో ఆడమనిషి ఒక్కరే. ఊరంతా ఆవిణ్ని పంపక్క అంటారు. మోటారు మోత విని ఏ బేరింగు అరిగిందో చెప్పేసేది. మాతో ఎవరూ నోరు విప్పని రోజుల్లో ఆవిడే ఒక మధ్యాహ్నం పంపుల గది మెట్ల మీద కూర్చోబెట్టి, అన్నం డబ్బా మూత పెడుతూ చెప్పింది.

"పరీక్షకి వచ్చే రోజు నీళ్లు ఫిల్టర్లోంచి పోతాయి సార్. మిగతా రోజులు పక్క పైపులోంచి పోతాయి. ఫిల్టరు కూడా మాలాంటిదే, పెద్దోళ్లు వస్తేనే యూనిఫాం వేసుకుంటుంది."

అని పడీ పడీ నవ్వింది. మేమూ నవ్వాం. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "నా పేరు మాత్రం రాయకండి సార్" అంది.

"రాయనమ్మా" అన్నాను.

మాట తప్పలేదు. పేరు రాయలేదు. పేరు తప్ప మిగతావన్నీ రాశాను.

ఎలా రాశానో కూడా చెప్పాలి. మీలో పేపర్లు రాసేవాళ్లకు తెలుసు, పర్యావరణం, సమాజం రెండూ కలిపి చూసే పరిశోధన పత్రికలు తక్కువ, అందులో మంచివి మరీ తక్కువ. మేము ఎంచుకున్నదానికి ఎనిమిది వేల మాటలు దాటకూడదు. మాది పద్నాలుగు వేలు. నేను ఒక్క వాక్యం తీసేయడానికి ప్రాణం పోయినట్టు బాధపడుతుంటే, ఈ విభాగాధిపతి గారు నేను టీకి వెళ్లొచ్చేలోపు రెండు పేజీలు కొట్టేసేవారు. సారాంశం రెండు వందల మాటల్లో ఉండాలి. మా ఆవిడ లెక్కల టీచరు కాబట్టి వేళ్లు మడిచి లెక్కపెట్టి, "రెండు వందల మూడు, ఏ ముగ్గుర్ని చంపుతారో చంపండి" అంది. రిఫరెన్సుల్లో పద్దెనిమిది తప్పులు పట్టింది. "మన పెళ్లి కార్డు కూడా ఇన్నిసార్లు దిద్దలేదు" అంది. (నవ్వులు)

అన్నిటికన్నా ఎక్కువ కష్టపడింది మా పేర్లు దాచడానికి. చదివి తీర్పు చెప్పే సమీక్షకులకు, రాసింది ఎవరో తెలియకూడదు. అది నియమం. 'మా గత పరిశోధనలో' అని ఉన్నచోటల్లా 'గత పరిశోధనలో' అని మార్చాను. ఫైలు వివరాల్లో నా పేరుంటే తుడిచాను. మ్యాపు కింద మా కాలేజీ పేరుంటే కత్తిరించాను. మూడు రోజులు అదే పని. ఆఖరికి చివర జతచేసిన ప్రశ్నపత్రంలో అడుగున నా ఫోన్ నంబరు ఉండిపోయిందని మా ఆవిడ పట్టుకుంటే, గండం గడిచిందని ఆ పూట కాఫీ ఇంకో కప్పు తాగాను.

నన్ను దాచుకోవడానికి మూడు రోజులు. ఇది గుర్తుంచుకోండి.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. మొదటి సమీక్షకుడు మెచ్చుకున్నాడు. రెండో ఆయన, 'మాటలు బాగున్నాయి, మనుషులు కనబడటం లేదు, ఎవరు మాట్లాడుతున్నారో వివరాలు ఇవ్వండి' అన్నాడు. వయసు, ఆడో మగో, చేసే పని, అనుభవం. సరిచేసి పంపడానికి నలభై అయిదు రోజుల గడువు. ఆ మరుసటి నెలలోనే నా ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ. ఆ పేపరు అచ్చుకు ఒప్పుకున్నారన్న ఉత్తరం చేతిలో ఉంటే పదవి నాదే, లేకపోతే ఇంకో అయిదేళ్లు ఎదురుచూపే. నేను అన్ని సవరణలూ చేసి ఈ ఒక్కటీ చివరికి అట్టిపెట్టుకున్నాను. రేపు ఆఖరు రోజనగా కూర్చుని, ప్రతి మాట పక్కనా వివరాలు నింపుకుంటూ పోయాను. పదకొండో పేజీ దగ్గర 'యాభై రెండేళ్ల మహిళ, పంపు ఆపరేటర్, పంతొమ్మిదేళ్ల అనుభవం' అని రాశాను. అది చాలదన్నట్టు 'నిస్పృహ నిండిన గొంతుతో చెప్పింది' అని చేర్చాను. అలా ఉంటే మనిషి కనబడుతుందనుకున్నాను.

విభాగాధిపతి గారు చదివి నా గది గుమ్మంలో నిలబడ్డారు. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. నేను సంతకం పెడితేగాని ఆమె ఉద్యోగం పర్మనెంటు కాదు.

"సార్, ఇలా రాస్తే అక్కేనని తెలిసిపోతుంది సార్. అక్కడ ఆడ ఆపరేటర్ ఆవిడొక్కతే."

"ఈ పత్రిక ఎవరు చదువుతారమ్మా? ప్రపంచం మొత్తమ్మీద నలభైమంది. వాళ్లలో సగంమంది రిఫరెన్సుల్లో తమ పేరుందో లేదో చూసుకుని మూసేస్తారు." (నవ్వులు)

మీరు నవ్వారు. ఆ రోజు ఆమె నవ్వలేదు.

"ఒకసారి ఆవిణ్ని అడిగొస్తాను సార్. ఒక్కరోజు ఇవ్వండి."

"రేపే ఆఖరు."

"ఎడిటర్ని ఒక వారం అడగొచ్చు కద సార్. ఇస్తారు."

"నీకు తొందర లేదమ్మా, నీకు బోలెడు వయసుంది. నాకుంది తొందర."

నేను పత్రిక వెబ్‌సైటు తెరిచి ఒక్కొక్క గడి నింపాను. ఒకచోట అడిగింది: 'పరిశోధనలో పాల్గొన్నవారు ఎవరో బయటపడకుండా జాగ్రత్త తీసుకున్నారా?' తీసుకున్నాం అని టిక్కు పెట్టాను. ఆ టిక్కు పెట్టడానికి ఒక్క క్షణం పట్టి ఉంటుంది.

పేపరు అచ్చయింది. నాకు పదవి వచ్చింది. ఇదే హాల్లో టీ, బిస్కెట్లు ఇచ్చాం. కంపెనీ మమ్మల్ని లోపలికి రానిచ్చేటప్పుడు ఒక షరతు పెట్టింది, ఏది ప్రచురించినా ఒక కాపీ ఇవ్వాలని. మర్చిపోయినా అడిగేవాళ్లు కాదేమో. నేను మర్చిపోలేదు. మంచి కవరు కొని, 'మీ సహకారానికి కృతజ్ఞతలతో' అని రాసి, సంతకం పెట్టి, నా చేతులతో నేనే పోస్టు చేశాను. ఆ నలభై ఒకటో పాఠకుణ్ని వెతుక్కుంటూ వెళ్లి పట్టుకున్నది నేనే.

మూడు వారాలకు ఒక ఉదయం పంపక్క మా విభాగానికి వచ్చింది. నా గది తలుపుకు పైభాగం గాజు. అందులోంచి కనబడింది. ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో మడతపెట్టిన జిరాక్సు కాగితం పట్టుకుని, అటెండరు గారితో మాట్లాడుతోంది. అంతకు ముందురోజే మాకు కబురు అందింది, ఆవిడకు నోటీసు ఇచ్చారని. అటెండరు గారు లోపలికి వచ్చారు.

"సార్, ఒకావిడొచ్చింది. అయిదు నిమిషాలు చాలంటోంది."

"క్లాసులో ఉన్నానని చెప్పు."

"ఇవాళ మీకు క్లాసు లేదు కద సార్."

"చెప్పమన్నది చెప్పవయ్యా."

కసురుకోలేదన్నారే ఇందాక, అదీ సంగతి. ఆయన బయటికెళ్లి చెప్పారు. నాకు ఆవిడ గొంతు తలుపులోంచి వినబడింది. "పర్లేదండి, క్లాసు అయ్యేదాకా కూర్చుంటా" అంది. నోటీసు బోర్డు కింద బెంచీ మీద కూర్చుంది. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా కూర్చుంది. నేను లోపల లైటు ఆర్పేసుకుని, కుర్చీ చప్పుడు కాకుండా, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా కూర్చున్నాను. ఒంటిగంటకు ఆవిడ మంచినీళ్ల కోసం వరండా చివరికి వెళ్లినప్పుడు, చెప్పులు చేత్తో పట్టుకుని, లైబ్రరీ వైపు మెట్ల మీదుగా దిగి ఇంటికి పోయాను. నాకు అప్పుడు నలభై ఎనిమిదేళ్లు. ప్రొఫెసర్ని.

(గ్లాసు అందుకుని నీళ్లు తాగి)

మంచినీళ్లు అందుకున్నందుకు క్షమించండి. ఇంకొంచెమే ఉంది.

తిట్టడానికి వచ్చిందనుకున్నాను. నష్టపోయాను, ఏదో ఒకటి చెయ్యండి అంటుందనుకున్నాను. అందుకు రాలేదు. మర్నాడు ఆవిడ మీద విచారణ. కంపెనీ వాళ్లు పదకొండో పేజీ జిరాక్సు తీసి, నాలుగు లైన్ల కింద ఎర్రగీత గీసి చేతికిచ్చి, 'ఇది నువ్వన్నదేనా' అని అడగబోతున్నారు. అది ఇంగ్లీషు. తను ఏమన్నదో అందులో ఏముందో చదివి చెప్పమని వచ్చింది. అంతే. తన మాట తనకు చెప్పమని వచ్చింది.

చెప్పింది ఈవిడ. (విభాగాధిపతి వైపు చూసి) లైబ్రరీ నుంచి వస్తూ చూసి, ఆ బెంచీ మీదే పక్కన కూర్చుని, ఒక్కో వాక్యం మన భాషలో చెప్పారు. అంతా విని పంపక్క అన్నదట:

"అంతా నేనన్నట్టే రాశారమ్మా. కానీ నేను నవ్వుతూ అన్నదాన్ని ఏడుస్తూ అన్నట్టు రాశారేంటి?"

ఈవిడ ఏడ్చేశారట. ఏడ్చి, "అక్కా, రేపు కాదనండి. మా కాగితాల్లో మీ పేరు ఎక్కడా లేదు. ఎవరూ రుజువు చెయ్యలేరు" అన్నారట.

"కాదంటే ఆ మాట అబద్ధమైపోతుంది కదమ్మా. ఆ నీళ్లు తాగే పిల్లల రోగాలు అబద్ధం కాదు కదా."

విచారణకు ఈవిడ తోడు వెళ్లి వరండాలో కూర్చున్నారు. కిటికీలోంచి అన్నీ వినబడ్డాయి. విచారించేవాళ్లు ముగ్గురు, అందులో ఒకాయన ఆరోగ్య శాఖ నుంచి వచ్చారు. మేనేజరు కాగితం ముందుకు తోసి, "ఇది నువ్వన్నదేనా?" అన్నాడు.

"నేనే అన్నా. ఇంగ్లీషులో ఎందుకు సార్, రండి, పైపే చూపిస్తా."

మేనేజరు కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు. ఆ ఆరోగ్య శాఖ ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. ఆయన లేచాక మిగతావాళ్లకు లేవక తప్పలేదు. ఆవిడ ముందు నడిచింది, వాళ్లు వెనక. పక్క పైపు వాల్వు తెరిచే ఉంది, ఫిల్టరు పొడిగా ఉంది. ఆరు నెలల్లో ఆ పైపు కోసేసి మూసేశారు. మూడు కాలనీలకు నీళ్లు బాగుపడ్డాయి. ఆవిణ్ని మాత్రం నెల తిరక్కుండానే తీసేశారు, అనుమతి లేకుండా బయటివాళ్లకు సమాచారం ఇచ్చిందని. పంతొమ్మిదేళ్లున్న క్వార్టరు పదిహేను రోజుల్లో ఖాళీ చేసింది, మంచం మీదున్న అత్తగారితో సహా.

కాబట్టి డీన్ గారూ, ఆ నీళ్లను బాగుచేసింది నా పేపరు కాదు. ఒక మనిషి లేచి నిలబడటం. నా పేపరు చేసిందల్లా ఆ మనిషిని పట్టించడం.

అయితే ఊరు ఆ సంగతి ఎరగదు కదా. 'ప్రొఫెసర్ పరిశోధనతో కదిలిన అధికారులు' అని దినపత్రికలు ఫోటోతో సహా రాశాయి. కాలనీలవాళ్లు పిలిచి సభ పెట్టారు. నేను నలభై నిమిషాలు మాట్లాడాను. ఆవిడ ఊసు ఎత్తలేదు. ఎందుకో తెలుసా? పరిశోధనలో పాల్గొన్నవారి వివరాలు గోప్యంగా ఉంచాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ నియమం నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ తర్వాత పన్నెండేళ్లపాటు, క్లాసులో పరిశోధనా నీతి పాఠం కూడా నేనే చెప్పాను. బాగా చెబుతానని పేరు.

మూడు నెలల కిందట విభాగాధిపతి గారు నా ప్రశంసా పత్రం చిత్తుప్రతి పట్టుకుని వచ్చారు. "సార్, ఆ పేపరు గురించిన లైను నేను రాయలేను. కావాలంటే మీరు రాసుకోండి" అని ఖాళీ జాగా చూపించారు. పన్నెండేళ్లలో ఆమె నాతో ఆ విషయం ఎత్తడం అదే మొదలు. నేను పెన్ను తీశాను. రాయలేకపోయాను. ఆ సాయంత్రమే మా ఆవిడకు మొత్తం చెప్పాను. "అప్పుడు దినపత్రికలో వచ్చిన మీ ఫోటో గోడకి పెడదామంటే వద్దన్నది ఇందుకా?" అంది. తర్వాత, "ఆవిడిల్లు ఎక్కడో కనుక్కోండి" అంది.

ఇల్లు కాదు, షాపు దొరికింది. తమ్ముడితో కలిసి మోటారు వైండింగ్ షాపు నడుపుతోంది. అరవై నాలుగేళ్లు. కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని, కాలిపోయిన మోటారులోంచి రాగితీగ లాగుతోంది. నేను వాకిట్లో నిలబడ్డాను. ఆవిడ తలెత్తి చూసి, గుర్తుపట్టి అంది:

"క్లాసు అయిపోయిందా సార్?"

ఇది ఆవిడ నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నదాన్ని ఈసారి నవ్వుతూనే చెప్పమని మరీ మరీ చెప్పింది. నా మొహంలో నవ్వు కనబడకపోతే ఆ లోపం నాది.

క్షమించమని అడిగాను. "ఆ తీగ చివర పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. క్షమించానని అనలేదు, క్షమించనని అనలేదు. ఇప్పటికీ అనలేదు. అనాలని అడిగే ముఖం నాకు లేదు.

జరిగినదంతా రాసి అదే పత్రికకు పంపుతానన్నాను. రాయండి, కానీ పంపే ముందు మన భాషలో వినిపించండి అంది. నేను, విభాగాధిపతి గారు కలిసి రాశాం. ఆరుసార్లు షాపుకు వెళ్లి చదివాం. ఒకచోట 'సర్వం కోల్పోయింది' అని రాశాను.

"సర్వం పోయిందని ఎవరు చెప్పారు సార్ మీకు? ఉద్యోగం పోయింది. అంతే. కొట్టేయండి."

కొట్టేశాను. నేను గదిలో లైటు ఆర్పుకుని కూర్చున్న సంగతి చదివినప్పుడు మాత్రం పని ఆపింది. "లోపలే ఉన్నారా!" అంది. ఆవిడకు అంతవరకు తెలియదు. క్లాసులోనే ఉన్నాననుకుందట, పన్నెండేళ్లూ. ఆవిడ మొహం చూడలేక నేను కాగితం వైపు చూశాను. తీగ మళ్లీ చేతిలోకి తీసుకుని, "అది ఉంచండి" అంది.

పన్నెండు రోజుల కిందట ఆ వ్యాసం పంపాం. ఇవాళ మధ్యాహ్నం, నేను ఇక్కడికి రావడానికి చొక్కా మార్చుకుంటుంటే ఎడిటర్ జవాబు వచ్చింది. పాత పేపరు మీద హెచ్చరిక వేస్తారట, పదకొండో పేజీ వివరాలు తొలగిస్తారట, కొత్త వ్యాసం సమీక్షకు పంపుతారట. ఒక్కటే సూచన: రచయిత గదిలో దాక్కున్న భాగం వ్యక్తిగతం, పరిశోధనకు అవసరం లేదు, తీసేస్తే వ్యాసం హుందాగా ఉంటుంది అన్నారు.

అది చదవగానే నాకు మొదట కలిగింది సంతోషం. చెప్పుకోవడానికి తల కొట్టేసినట్టుంది గానీ, నిజం అదే. ఇన్ని చేసి, ఇంత రాసి, ఆ నాలుగు వాక్యాలు పోతాయంటే ప్రాణం తేలికపడింది. కోటు తొడుక్కునేంతసేపు ఆ సంతోషంలోనే ఉన్నాను. అద్దంలో బొత్తాలు పెట్టుకుంటూ నన్ను నేను చూసుకున్నాక, ఈ సభలో ఆ గది సంగతి కూడా వదలకుండా చెప్పేయాలనిపించింది. ఇప్పుడిక ఆ భాగం తీసేసినా మీ రెండొందలమందికీ తెలుసు.

తీసేయాలో ఉంచాలో తేల్చేది నేను కాదు. షాపు ఆరింటికి మూసేస్తారు, ఇప్పుడు అయిదుంబావు. ఎడిటర్ ఉత్తరం జేబులో ఉంది, వెళ్లి చదివి వినిపించాలి. విందు దగ్గర నా కోసం ఎదురు చూడకండి. విభాగాధిపతి గారూ, మీరు రాయని ఆ లైనుకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. అటెండరు గారూ, మీ చేత అబద్ధం ఆడించినందుకు నలుగురి ముందు మన్నించమని అడుగుతున్నాను. ఇంతసేపు లేచిపోకుండా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.